చెన్నైలో చిన్న పాత పుస్తకాల కొట్టు: ఏ రకాలు పెట్టాలి, ఏవి వద్దనాలి

పాత పుస్తకాల కొట్టు పెడదామనుకునేవాళ్లలో నూటికి తొంభై మంది పుస్తకాల పిచ్చివాళ్లే. అక్కడే చిక్కు. తమకు నచ్చిన కవిత్వం, తమకు నచ్చిన చరిత్ర రెండు గోడల నిండా సర్ది కూర్చుంటారు. ఆర్నెల్లకు అవన్నీ వాళ్ల సొంత లైబ్రరీగానే మిగులుతాయి, పైగా దానికి నెలనెలా అద్దె కూడా కట్టాలి. కొత్త పుస్తకాల షాపువాడికి కావలసినవి తెప్పించుకునే వీలుంది, అమ్ముడుపోనివి వెనక్కి పంపే వీలూ చాలావరకు ఉంటుంది. మనకు రెండూ లేవు. వచ్చిన సరుకులోంచి ఏరుకోవాలి, ఏరుకున్నది అమ్ముకోవాలి. అందుకని రకాలు తేల్చుకునేటప్పుడు అడగాల్సినవి మూడే: మన వీధిలో నడిచేది ఎవరు, మన చేతికి సులువుగా వచ్చేది ఏమిటి, ఒక్కో అర తన అద్దె తాను సంపాదిస్తోందా.

నూట యాభై నుంచి మూడు వందల చదరపు అడుగుల కొట్టును దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. అంతకన్నా పెద్దదైతే లెక్కలు మారతాయి.

మొదటి అడుగు: పుస్తకాలు కొనకముందు వీధిని చూడండి

కొట్టు మాట్లాడుకున్న వీధిలో ఒక వారం పాటు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కాసేపు నిలబడండి. ఎదురుగా టీ కొట్టు ఉంటే ఇంకా మంచిది. స్కూలు వ్యాన్లు ఎన్ని ఆగుతున్నాయి, కోచింగ్ సెంటర్ సంచులు ఎన్ని కనిపిస్తున్నాయి, సాయంత్రం నడకకు వచ్చే పెద్దవాళ్లు ఎందరు, చూసుకోండి.

చెన్నైలో పేటపేటకూ చదువు మారుతుంది. ట్రిప్లికేన్‌లో మేన్షన్లలో (గదులు అద్దెకిచ్చే లాడ్జీలు) ఉండే కుర్రాళ్లు, పోటీ పరీక్షలవాళ్లు ఎక్కువ. కానీ భారతి సాలై మీద పాత పాఠ్యపుస్తకాల కొట్లు ఎప్పటినుంచో ఉన్నాయి, వాళ్లతో ధరలో పోటీ పడలేరు. 1985లో తగలబడిన మూర్ మార్కెట్ పాత పుస్తకాల వ్యాపారుల తరవాతి తరం కూడా ఇంకా సెంట్రల్ స్టేషన్ చుట్టుపక్కలే ఉంది. కాలేజీ పుస్తకం కావాలంటే ఊరంతా చూసేది అటువైపే. అన్నానగర్ సివిల్స్ కోచింగుకు పేరు. మైలాపూర్‌లో సంగీతం, భక్తి, పాత ఇంగ్లీషు నవల నడుస్తాయి. వడపళని, కోడంబాక్కం, సాలిగ్రామం వైపు సినిమావాళ్లు ఉన్నారు, కథల కోసం వెతికే అసిస్టెంట్ డైరెక్టర్లు పాత నవల ఏ భాషలో ఉన్నా తిరగేస్తారు (కొనేది తక్కువ, అది వేరే సంగతి). షోళింగనల్లూర్ నుంచి నావలూరు దాకా అపార్ట్‌మెంట్లు, ఐటీ ఉద్యోగులు, వాళ్ల చిన్నపిల్లలు. అందులో ఆంధ్రా నుంచి, తెలంగాణ నుంచి వచ్చినవాళ్లకు కొదవ లేదు.

వీధి చెప్పిన దాన్ని కాగితం మీద ఒక్క వాక్యంలో రాసుకోండి: "ఇక్కడ ఎక్కువగా నడిచేది ఫలానావాళ్లు, వాళ్లు చదివేది ఫలానాది." ఆ వాక్యం రాయలేకపోతే ఇంకో వారం నిలబడండి.

రెండో అడుగు: ఏం వస్తుందో తెలుసుకోండి

సరుకు వచ్చే దారులు రెండు. ఒకటి పాత పేపర్ల కొట్లు, రెండు ఇళ్లు.

పాత పేపర్ల కొట్టువాడు కిలోల లెక్కన కొంటాడు, మనకు కిలోల లెక్కనో విడిగానో అమ్ముతాడు. మీ చుట్టుపక్కల నలుగురైదుగురితో మాట్లాడి పెట్టుకోండి. "పుస్తకాలు వస్తే చించొద్దు, పక్కన పెట్టి ఫోన్ చెయ్యి, నీకు కిలో మీద ఇంత ఎక్కువ ఇస్తాను" అంటే చాలు. ఎక్కువ ఇస్తామన్నది కచ్చితంగా ఇవ్వాలి, ఫోన్ వచ్చిన రోజే వెళ్లాలి. రెండు సార్లు వెళ్లకపోతే మూడోసారి ఫోన్ రాదు.

ఇళ్ల సరుకు మేలైనది. టి.నగర్, కీల్పాక్, పెరంబూరు వైపు పాత ఇళ్లు పడగొట్టి ఫ్లాట్లు కడుతున్నారు. పెద్దాయన పోయాడు, పిల్లలు అమెరికాలో ఉన్నారు, బీరువా నిండా పుస్తకాలున్నాయి, నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయాలి. అలాంటి ఇంటికి వెళ్లినప్పుడు బేరం మెల్లగా ఆడాలి. "ఎంతిస్తావు?" అని అడిగే ముందు ఆ ఇంటి పెద్దావిడ, "ఇవన్నీ ఆయనవే బాబూ" అంటుంది. రెండు నిమిషాలు ఆగి ఆ మాట వినడం మర్యాద, ఆ తరవాతే ధర. మొత్తం బీరువా తీసుకుపోతారా, ఏరుకుంటారా అన్నది ముందే చెప్పేయండి. ఏరుకుంటే పుస్తకానికి ఎక్కువ ఇవ్వాలి, మొత్తం ఎత్తుకుపోతే తక్కువ ఇచ్చినా వాళ్లకు అదే సుఖం.

తొలి రెండు నెలలు ఏం వచ్చినా రకాల వారీగా లెక్క రాయండి. ఏది కుప్పలుగా వస్తోందో తెలుస్తుంది. కుప్పలుగా వచ్చేది ప్రతి కొట్టులోనూ కుప్పలుగానే ఉంటుంది, కాబట్టి దానికి ధర పలకదు. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు, పాత ఇంజనీరింగ్ గైడ్లు, డైజెస్టులు ఈ కోవలోవి. గిరాకీ ఉండి సరుకు అరుదుగా వచ్చేవి చూడండి, మీరు లాభపడేది వాటిమీదే.

మూడో అడుగు: అర లెక్క కట్టండి

పుస్తకం ఒక్కోటి ఎంతకు అమ్ముడవుతుందో చూసి రకాలు తేల్చుకునేవాళ్లు చాలామంది. అది తప్పు దారి. చూడాల్సింది అర నెలకు ఎంత మిగులుస్తోందన్నది.

ఉదాహరణకు ఒక లెక్క చూద్దాం. అద్దె, కరెంటు, కుర్రాడి జీతం అన్నీ కలిపి నెలకు రూ. 30,000 అనుకోండి. కొట్టులో మూడడుగుల అరలు 75 ఉన్నాయి. అంటే ఒక్కో అర నెలకు కనీసం రూ. 400 మిగల్చాలి, అప్పుడు గానీ మీకు గిట్టుబాటు మొదలవదు.

ఇంగ్లీషు థ్రిల్లర్ల అరలో అంగుళం మందం పుస్తకాలు ముప్పై అయిదు దాకా పడతాయి. నెలకు పది అమ్ముడయ్యాయి, ఒక్కోటి వంద, కొన్నది ముప్పైకి. మిగిలేది రూ. 700. పాసు.

పిల్లల బొమ్మల పుస్తకాలు పలచన, ఒక అరలో వంద పైచిలుకు పడతాయి. నలభై చొప్పున నెలకు పాతిక అమ్మితే, కొన్న ఖర్చు పదేసి తీసేస్తే, రూ. 750. ఇదీ పాసే. పుస్తకం ధర థ్రిల్లర్‌లో సగం కూడా లేదు, అర మాత్రం ఎక్కువ సంపాదించింది.

ఎన్‌సైక్లోపీడియా సెట్టు అయితే ఒక అరంతా తినేస్తుంది. రూ. 500కు కొని ఏడాదికి ఒకసారి రూ. 1,500కు అమ్మారనుకోండి, నెలకు రూ. 83 పడింది. ఎవరో తాతగారు మురిపెంగా ఉచితంగా ఇస్తానన్నా వద్దనాల్సిన సరుకు ఇది.

తెలుగు పాకెట్ నవలలు అరకు అరవై పడతాయి. నెలకు అయిదు పోయాయి, ఎనభై చొప్పున, కొన్నది పదిహేనుకు. రూ. 325. లెక్క ప్రకారం ఫెయిలు. అయినా తీసేయకండి, ఎందుకో కింద చెబుతాను.

నాలుగో అడుగు: రకాలు ఒక్కొక్కటిగా

చిన్న కొట్టుకు ఆరేడు రకాలు దాటకూడదు. ఇరవై రకాలు నాలుగేసి పుస్తకాలతో పెడితే, వచ్చినవాడికి తన రకంలో నాలుగే కనబడతాయి, రెండోసారి రాడు. ఒక రకంలో కనీసం రెండు అరలు నిండకపోతే ఆ రకం పెట్టకండి. పెట్టెలో దాచండి, నిండినప్పుడు బయటకు తీయండి.

పిల్లల పుస్తకాలు ఎక్కడైనా పనికొస్తాయి. తల్లి ఒక పుస్తకం కొనదు, దోసెడు కొంటుంది. ధర ఒకే మాట పెట్టండి, బేరం తగ్గుతుంది. కొనేటప్పుడు ప్రతి పేజీ తిప్పి చూడాల్సింది ఈ రకాన్నే. క్రేయాన్ గీతలు, చింపిన బొమ్మలు, అంటుకుపోయిన పేజీలు చూడండి. క్రేయాన్ ఉన్నా తక్కువ ధరకు పోతుంది, పేజీ లేకపోతే మాత్రం తీసుకోకండి.

ఇంగ్లీషు కాల్పనిక సాహిత్యం మీ రోజువారీ బోణీ. థ్రిల్లర్లు, ప్రేమకథలు, ఫాంటసీ సిరీస్‌లు. సిరీస్‌లో మూడోది, అయిదోది మాత్రమే వస్తే కొనడానికి తొందరపడొద్దు, మొదటిది ఉంటేనే మిగతావి కదులుతాయి. ఇక్కడే ఒక కచ్చితమైన నియమం: పైరసీ కాపీలు ముట్టుకోకండి. పలచటి కాగితం, మసకబారిన అట్ట, పేజీ అంచున వంకరగా తెగిన అక్షరాలు, వీటితో ఇట్టే తెలిసిపోతుంది. కాపీరైట్ చట్టం కింద అమ్మేవాడు కూడా నేరస్తుడే. చట్టం సంగతి అలా ఉంచినా, మంచి పాఠకుడు అరలో రెండు పైరసీ కాపీలు చూశాడంటే మిగతా కొట్టంతటినీ అదే కంటితో చూస్తాడు.

పోటీ పరీక్షలు, పాఠ్యపుస్తకాలు పాల ప్యాకెట్‌లా తేదీ ఉన్న సరుకు. ఎన్‌సీఈఆర్‌టీ 2024లో మూడు, ఆరు తరగతులకు, 2025లో నాలుగు, అయిదు, ఏడు, ఎనిమిది తరగతులకు కొత్త పుస్తకాలు తెచ్చింది. దాంతో ఆ తరగతుల పాతవి స్కూలుకు పనికిరాకుండా పోయాయి. అన్నా యూనివర్సిటీ 2017లో ఒక రెగ్యులేషన్ (సిలబస్, పరీక్షల నియమాలు), 2021లో ఇంకోటి పెట్టింది. విద్యార్థి వచ్చి మొదట అడిగేది "ఏ రెగ్యులేషన్?" అనే. న్యాయశాస్త్రం పుస్తకాలైతే మరీ ఘోరం. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, దాంతోపాటే క్రిమినల్ ప్రొసీజర్, సాక్ష్యాధారాల చట్టాలూ మారాయి. పాత కేసులు నడిచే లాయర్లకు తప్ప పాత పుస్తకాల అవసరం లేదు, ఆ లాయర్ల దగ్గర అవి ఉండే ఉంటాయి. ఆదాయపు పన్ను గైడ్లు కూడా 2025 కొత్త చట్టం 2026 ఏప్రిల్ నుంచి అమలు కావడంతో అదే దారి పట్టాయి. దగ్గరలో కోచింగ్ సెంటర్ ఉంటే తప్ప ఈ రకానికి ఆరు అరలకు మించి ఇవ్వకండి. అదీ ఏప్రిల్ నుంచి జూలై దాకానే. ఆపైన ఆ అరలు పిల్లల పుస్తకాలకు ఇచ్చేయండి. ఒక సంగతి, ఏపీపీఎస్సీ తెలుగు మీడియం మెటీరియల్ చెన్నైలో అమ్మబోకండి. అది చదివేవాడు ఈపాటికి విజయవాడలోనో హైదరాబాద్‌లోనో హాస్టల్లో ఉంటాడు.

తమిళం లేకుండా చెన్నైలో కొట్టు నడపొద్దు. తెలుగువాళ్లం కదా అని తమిళ పుస్తకాలు పక్కన పెట్టేవాళ్లను చూశాను, వీధిలో నడిచేవాళ్లలో ఎక్కువమందిని గుమ్మంలోంచే పంపించేసినట్టు. మీకు తమిళం చదవడం రాకపోతే, అది వచ్చిన కుర్రాణ్ణి పెట్టుకోండి. ఏ చారిత్రక నవల ఎన్ని భాగాలో, ఏ ప్రచురణ మంచిదో అతనే చెప్పాలి.

భక్తి, సంగీతం కలిపి ఒక చోట పెట్టండి. త్యాగరాజ కీర్తనలు తెలుగే, కానీ ఈ ఊళ్లో పాడేవాళ్లలో చాలామంది వాటిని తమిళ లిపిలోనో ఇంగ్లీషు అక్షరాల్లోనో చదువుకుంటారు. స్వరాలతో ఉన్న పుస్తకం ఏ లిపిలో ఉన్నా సంగీతం అరలోనే ఉండాలి, తెలుగు అరలో పెడితే ఎవరికీ కనబడదు. మార్గళి కచేరీల కాలంలో, అంటే డిసెంబర్ నడుమ నుంచి, ఈ అర గుమ్మం దగ్గరకు తెచ్చుకోండి. స్తోత్రాల చిన్న పుస్తకాలు జనం అమ్మరు, తెచ్చి ఇచ్చిపోతారు. పాత పేపర్లలో వేయడానికి చేతులు రావు వాళ్లకు. తీసుకోండి, ఇరవై రూపాయల పెట్టెలో వేయండి.

ఇక తెలుగు

దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మనలాంటి వాళ్లు గుండెతో తేల్చుకునేది దీన్నే.

చెన్నైలో తెలుగు చదివేవాళ్లు ఒకే గుంపు కాదు. ఇక్కడే పుట్టి పెరిగిన అరవై దాటినవాళ్లు ఉన్నారు. వారపత్రికల సీరియళ్లు, పాకెట్ నవలలు వీళ్లవి. ఉద్యోగానికి వచ్చిన పాతిక ముప్పై ఏళ్లవాళ్లు ఇంకో గుంపు. వీళ్లకు ఊళ్లో ఉన్నప్పుడు చదివినవి మళ్లీ కావాలి, పిల్లలకు అక్షరాలు నేర్పే పుస్తకం కావాలి. ఇక్కడే పుట్టిన కుర్రకారు మాత్రం ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవలేరు. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం ఒకటో తరగతి నుంచి మొదలై ఏడాదికో తరగతి చొప్పున తప్పనిసరి అయింది. అంతకుముందు తెలుగు తీసుకునే ఇళ్లలో కూడా ఆ తరవాత పిల్లలకు తెలుగు లిపి దూరమైంది. వీళ్లకోసం తెలుగు నవలలు పెట్టి లాభం లేదు. అక్షరాల పుస్తకం పెడితే వాళ్ల అమ్మలు కొంటారు. ఇక నాలుగోవాళ్లు పరిశోధకులు, సేకర్తలు. తక్కువమందే, కానీ ఒక్కసారి వస్తే నెల అద్దె తేల్చేస్తారు.

సరుకు మాటకొస్తే ఈ ఊరు గని. వావిళ్ళ వారి అచ్చుకూటం ఇక్కడిదే, 1854 నాటిది. ఆంధ్రపత్రిక 1914లో బొంబాయి నుంచి ఇక్కడికే వచ్చింది, భారతి మాసపత్రిక 1924లో ఇక్కడే మొదలైంది, చందమామ 1947 జూలైలో ఇక్కడి నుంచే తెలుగులోనూ తమిళంలోనూ వెలువడింది. అవన్నీ కొన్న ఇళ్ల బీరువాలు ఇప్పుడు ఖాళీ అవుతున్నాయి. హైదరాబాద్‌లో వెతికినా దొరకనివి కీల్పాక్‌లో ఒక అటక మీద దొరుకుతాయి.

ఆ బీరువాల్లో మొదట చూడాల్సినవి ఇంటి బైండ్లు. వారపత్రికలోంచి సీరియల్ పేజీలు వారం వారం చింపి, అయిపోయాక బైండు చేయించేవారు. కాలికో గుడ్డ వీపు, అట్ట మీద పసుపు లేబుల్, దాని మీద నీలం ఇంకుతో నవల పేరు, కింద ఇంటి ఇల్లాలి పేరు. లోపల పేజీ నంబర్లు ఇరవై నాలుగు నుంచి ఒక్కసారి అరవైకి దూకుతాయి, వెనక పేజీలో సగం వంట నూనె ప్రకటన ఉంటుంది. పుస్తకంగా వచ్చిన నవలలో లేని బొమ్మలు వీటిలో ఉంటాయి, అందుకే చిత్రకళ ఇష్టపడేవాళ్లు కూడా కొంటారు. కొనే ముందు ఆఖరి పేజీ తెరవండి. "సమాప్తం" అని లేకపోతే ధర సగం చేయండి. మధ్యలో ఒక వారం తప్పిపోయిందేమో చూడటానికి "గత సంచిక తరువాయి" పక్కనున్న సంఖ్యలు వరసగా చదువుకుపొండి.

చందమామలు విడిగా కన్నా ఏడాది బైండుగా ఎక్కువ పలుకుతాయి. కానీ పన్నెండూ లేని బైండుకు పూర్తి ధర అడిగితే సేకర్త నవ్వుతాడు. సినిమా హాళ్లలో అమ్మిన పాటల పుస్తకాలు కాగితం పొడిపొడి అయిపోతుంటుంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి కౌంటర్ వెనక ఉంచండి. పాకెట్ నవలలు అట్ట పోయినా చదివేవాళ్లు కొంటారు, చెదలు తొలిచినవి మాత్రం గుమ్మం దాటనివ్వకండి, పక్క పుస్తకాలకు ఎక్కుతాయి.

ఇప్పుడు ఆ రూ. 325 సంగతి. తెలుగు అర తన అద్దె పూర్తిగా కట్టకపోయినా ఉంచమనడానికి కారణం సెంటిమెంటు కాదు. పాకెట్ నవల కొనడానికి వచ్చే పెద్దావిడే రేపు తన బీరువా అమ్మేటప్పుడు మిమ్మల్ని పిలుస్తుంది. మిగతా భాషల పాఠకులూ అలాగే పిలవొచ్చు, కానీ తెలుగు పుస్తకాలు కొనే కొట్లు ఈ ఊళ్లో తక్కువ, అందుకే వాళ్లకు మీరే గుర్తొస్తారు. ఆ బీరువాలో ఇంగ్లీషు, తమిళం కూడా ఉంటాయి. అందుకని తెలుగుకు ఎనిమిది అరలు ఇవ్వండి, పదిహేను మాత్రం వద్దు.

75 అరల కొట్టుకు నా పంపకం ఇది: ఇంగ్లీషు కథాసాహిత్యం 20, పిల్లలవి 14, తమిళం 12, చరిత్ర, జీవిత చరిత్రలు, వంట, ఇతరాలు 10, తెలుగు 8, పరీక్షలు 6, భక్తి, సంగీతం 5. మీ వీధి వాక్యాన్ని బట్టి వీటిని మార్చుకోండి. మైలాపూర్ అయితే సంగీతానికి ఇంకో అయిదు. నావలూరు అయితే పిల్లలవి ఇరవై దాటినా తప్పులేదు, పరీక్షలు సున్నా.

అయిదో అడుగు: రెండు నోటుబుక్కులు, ఒక పెన్సిల్

కంప్యూటర్ అక్కర్లేదు. పుస్తకం అరలో పెట్టే రోజు వెనక అట్ట లోపల మూలన పెన్సిల్‌తో నెల, సంవత్సరం, కొన్న ధర రాయండి. కొన్న ధర అంకెల్లో కాక మీకే తెలిసే గుర్తుల్లో రాసుకుంటే బేరంలో ఇబ్బంది రాదు.

ఒక నోటుబుక్కులో అమ్ముడైనవి రకం వారీగా గీతలు పెట్టండి, చాలు. రెండో నోటుబుక్కు ఇంకా ముఖ్యం: అడిగినా మన దగ్గర లేనివి. "వంటల పుస్తకం ఉందా?" అని ఒకరు అడిగితే మర్చిపోతాం. నెలలో తొమ్మిది మంది అడిగినట్టు కాగితం మీద కనబడితే అర ఖాళీ చేస్తాం. ఫోన్ నంబర్ ఇచ్చిన వాళ్ల పేరు పక్కన రాసి, దొరికినప్పుడు పిలవండి. అలా పిలిస్తే వచ్చినవాళ్లు బేరం ఆడరు.

మూడు నెలలు దాటిన పుస్తకాన్ని ధర తగ్గించి వేరే అరకు మార్చండి. కొన్నిసార్లు చోటు మారితేనే పోతుంది. ఆర్నెల్లు దాటితే బయట పెట్టెలో ముప్పై రూపాయలకు. అక్కడా పోకపోతే పాత పేపర్ల కొట్టుకు. ఇది చేయడం కష్టమే, నాకు నచ్చిన కవిత్వాన్ని తూకానికి వేసిన రోజు అన్నం సహించదు. కానీ తెలుగు అరుదైనవి, సేకర్తల సరుకు ఈ నియమానికి బయట. అవి ఏడాదైనా ఉండొచ్చు, ఎందుకంటే అవి కౌంటర్ వెనక ఉంటాయి, అరను తినవు.

ఆరో అడుగు: వానను, కాలాన్ని లెక్కలోకి తీసుకోండి

చెన్నైలో అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఈశాన్య రుతుపవనం. 2015 డిసెంబర్ వరద చూసినవాళ్లెవరూ నేల మీద పుస్తకం పెట్టరు. అట్టడుగు అర నేలకు అడుగు పైన ఉండాలి. అందులో సెప్టెంబర్ చివరికి చవక పుస్తకాలే మిగిలేలా చూడండి. పిల్లల పుస్తకాలు కిందే ఉండాలి, పిల్లలు తీసుకోవాలి కదా, కాబట్టి వానాకాలంలో వాటిని రెండో అరకు జరపండి. పాత కాగితాన్ని పడమటెండ తగిలే గోడకు పెట్టకండి. పురుగు పట్టకుండా వేపాకు, నాఫ్తలిన్ ఉండలు వేయండి.

జనవరిలో పొంగల్ దగ్గర నందనంలో పుస్తకాల పండగ జరుగుతుంది. ఆ రోజుల్లో మన కొట్టుకు వచ్చేవాళ్లు తగ్గుతారు, డబ్బు అక్కడ ఖర్చవుతుంది. అది అమ్మే కాలం కాదని ఒప్పుకుని, ఆ రెండు వారాలు ఇళ్లకు వెళ్లి కొనండి. ఫిబ్రవరిలో నోటుబుక్కులు రెండూ ముందు పెట్టుకుని అరలు మళ్లీ పంచండి. ఏప్రిల్‌లో పరీక్షల పుస్తకాలు, మే సెలవులకు పిల్లలవి, నవలలు. ముద్రిత పుస్తకాలకు జీఎస్టీ లేదు, కానీ బుక్‌మార్కులు, సంచులు, బొమ్మలు పక్కన పెట్టి అమ్మితే వాటికి ఉంటుంది. అవి మొదలుపెట్టే ముందు అకౌంటెంట్‌ను ఒకసారి కలవండి. నన్నడిగితే మొదటి ఏడాది ఆ చిల్లర సరుకు వద్దు, ఆ బల్ల ముప్పై రూపాయల పెట్టెకు ఇవ్వండి.